హేండిల్ కింద గీతలు

"కారు నాలుగు తలుపులకీ రంగు వేయించేస్తాను. ఇవాళే," అన్నాడు కొడుకు.

అన్నాడే గానీ తలెత్తలేదు. కంచంలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది. వేళ్లతో కెలకడమే తప్ప నోట్లో పెట్టుకున్నది లేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి తల్లి అదే చూస్తోంది. కోడలు బట్టల సంచీ భుజాన వేసుకుని తన అక్క ఇంటికి వెళ్లిపోయి ఇవాళ్టికి మూడు రోజులు. ఈ మూడు రోజుల్లో వీడు కడుపునిండా తిన్నది లేదు. తినకపోతే నీరసం వస్తుంది. నీరసంతో కారు నడిపితే కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరిగితే... ఆవిడ ఆలోచన ఎప్పుడూ ఇలాగే ఒక్కో మెట్టూ దిగుతూ పోయి, చివరికి ఏదో ఒక ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగుతుంది.

ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నాలుగింటికా?" అన్నాడు తండ్రి. నోట్లో గుండుసూదులు ఉండటంతో మాట పళ్ల సందుల్లోంచి వచ్చింది. "గీతలు పడింది ఒక్క తలుపుకేగా?"

కొడుకు మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒరేయ్, నిన్నే!"

"వేయిస్తే అన్నిటికీ ఒకేసారి వేయించాలి నాన్నా. ఒక్కదానికే వేస్తే అతుకులా కనిపిస్తుంది."

తండ్రి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చాడు. "అతుకుల సంగతి నాకు చెప్తున్నావా? నలభై ఏళ్లు చేసింది ఆ పనేగా. బొటనవేలంత చిరుగుంటే కిందనుంచి గుడ్డముక్క పెట్టి మాసిక వేస్తాం గానీ, చొక్కా మొత్తం ఊడదీసి కుట్టం. ఆ గీతల మీద కాస్త రంగు అద్దిస్తే పోయేదానికి..."

"మీరు ఊరుకోండి," అంది తల్లి. "వాడి కారు, వాడిష్టం."

"వాడి కారని ఇప్పుడు గుర్తొచ్చిందా? ఆదివారం నాడు నీ కారైపోయిందిగా!"

మాట అక్కడితో తెగింది. మిషను మళ్లీ గరగరమంది. కొడుకు లేచి చెయ్యి కడుక్కుంటూ కుళాయి కట్టడం మర్చిపోయాడు. తల్లి వెళ్లి కట్టింది.

ఆ ఆదివారం సంగతి ఆవిడ మనసులోంచి పోవడం లేదు.

కారుని ఎప్పుడూ కొడుకే కడుగుతాడు. బకెట్టు నీళ్లూ, మెత్తటి గుడ్డా పట్టుకుని, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని వాడిది. వెంట్రుకంత గీత పడినా అద్దం పనికిరాదు కాబట్టి, గుడ్డ అంటే గుడ్డ కాదు వాడికి. కానీ ఆ ఆదివారం ఆవిడే ముందు వెళ్లింది. శనివారం కోడలు కారు తీసుకుని పనికి వెళ్లొచ్చింది. రక్తపరీక్షలు చేసే చోట ఆ పిల్ల ఉద్యోగం. కారు నేర్చుకుని ఆరు నెలలు కూడా కాలేదు. ఎక్కడైనా తగిలించి, భయపడి చెప్పకుండా దాచిందేమో! ఎవరినైనా గుద్ది ఉంటేనో? పోలీసులు వస్తేనో? అదీ ఆవిడ భయం. అందుకే తడిగుడ్డ వంకతో వెతకడం మొదలుపెట్టింది. మొదటి తలుపు దగ్గరే దొరికాయి, డ్రైవరు కూర్చునే వైపు, హేండిల్ కింద, గోళ్లతో రక్కినట్టు గీతలు.

"చూశావా, నీ ఉంగరం ఏం చేసిందో!" అంది కోడల్ని పిలిచి. ఆ ఉంగరానికి పైకి పొడుచుకొచ్చిన రాయి ఉంటుంది.

"నేను కాదు అత్తయ్యా."

"మరి కారు తనంతట తనే గోక్కుందా?"

కింద వాటా ఆవిడ బట్టలు ఆరేస్తూ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వినబడేసరికి తల్లికి ఇంకాస్త ఊపొచ్చింది. మొన్న పగిలిన గాజు సీసా, అంతకు ముందు మాడిన గిన్నె, అన్నీ నోటికొచ్చాయి. వాటి వెనకాలే ఆ మాట కూడా వచ్చేసింది.

"నీ చేతిలో ఏదీ నిలవదు."

ఆవిడ సీసా గురించే అంది. గిన్నె గురించే అంది. కారు గురించే అంది. ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకున్నా, నాలుగు నెలల కిందట ఆసుపత్రినుంచి ఖాళీ ఒడితో తిరిగొచ్చిన పిల్లని పట్టుకుని ఆ మాట అన్నానన్న సంగతి మారడం లేదు. అన్న పది నిమిషాలకి గానీ తను ఏమందో తనకే తెలియలేదు. అప్పటికి లోపల బీరువా తలుపు తెరిచిన చప్పుడూ, సంచీ జిప్పు లాగిన చప్పుడూ వినబడ్డాయి.

ఆ మాట పడ్డాక కోడలు ఏడవలేదు, తిరిగి ఒక్క మాట అనలేదు. కుళాయి దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడిన మొగుడి వైపు చూసింది. చాలాసేపు చూసింది. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినట్టుగా చూసింది. వాడు బకెట్టు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. అంతే.

వాడేం మాట్లాడతాడు పాపం, తల్లికీ పెళ్లానికీ మధ్య నలిగిపోతున్నాడు, అనుకుంది తల్లి ఆ రోజున.

"నేనూ వస్తాను," అంది ఇప్పుడు, కొంగు సర్దుకుంటూ.

"నీకెందుకమ్మా అక్కడ? రంగులో కలిపే థిన్నరు వాసన. నీకు తలనొప్పి వస్తుంది."

"వస్తే వచ్చింది. అరగడుపున బండి నడుపుకుంటూ వెళ్తావు, పక్కన మనిషి లేకపోతే ఎలా? దారిలో ఏదైనా అయితే?"

"పక్కన నువ్వుంటే ఏమీ అవదా?"

"అయితే నేనూ ఉంటానుగా!"

ముందు గదిలోంచి తండ్రి నవ్వాడు. మూడు రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. కొడుకు మాత్రం నవ్వలేదు. "వద్దమ్మా, నా మాట విను," అన్నాడు మళ్లీ. ఎందుకంతగా వద్దంటున్నాడో ఆవిడకి అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా ఆవిడకి భయమే కాబట్టి, చెప్పులేసుకుంది.

గొడుగు, మంచినీళ్ల సీసా, తాళాల గుత్తి. ఇల్లు దాటాలంటే ఈ మూడూ ఉండాల్సిందే. గుత్తిలో ఏడు తాళంచెవులున్నాయి. ఇంటివి, గేటువి, బీరువావి, కారుకి ఉన్న రెండో తాళంచెవి. గుత్తి కింద పడిపోతుందేమోనని రింగుని చిటికెన వేలికి తగిలించుకోవడం ఆవిడకి అలవాటు. ఎప్పటిలాగే కారు చుట్టూ తిరిగి, తలుపులు గట్టిగా పడ్డాయో లేదో చూసుకుని ఎక్కింది. కొడుకు స్టీరింగు మీద చెయ్యి వేసి, ఎదురుగా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

*

రంగులు కలపడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అతన్ని అందరూ షేడు మేస్త్రి అంటారు. అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో. రేకుల షెడ్డు, సిమెంటు నేల, నేల నిండా రకరకాల రంగుల చుక్కలు. ఒక మూల అద్దాలన్నిటికీ పాత పేపర్లు అంటించుకున్న కారొకటి, కళ్లకి ఆపరేషనైన మనిషిలా కూర్చుని ఉంది. మగ్గులో నీళ్లు, నీళ్లలో నానుతున్న గరుకు కాగితం. వాసనకి తల్లి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాలుగు తలుపులకీ వేసెయ్యండి మేస్త్రీ," అన్నాడు కొడుకు, కారు దిగీ దిగకముందే. "చూడ్డానికేమీ లేదు."

"చూడకుండా వెయ్యడానికి నేనేమన్నా గోడకి సున్నం కొడుతున్నానా బాబూ?" అన్నాడు మేస్త్రి. "బయటికి తియ్యండి. షెడ్డులో లైటు కింద రంగు అబద్ధం చెప్తుంది. ఎండలో అయితే దానికి దాక్కునే చోటుండదు."

కారు ఎండలోకి వచ్చింది. మేస్త్రి గొంతుకూర్చుని డ్రైవరు వైపు తలుపుని బొటనవేలితో తుడిచి చూశాడు.

"అమ్మా, ఇలా రండి. గీత మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి."

"నేనా? ఇంకాస్త పాడవుతుందేమో!"

"ఏమీ కాదు. గోరు జారిపోయిందనుకోండి, పైన ఉండే మెరుపు పూత ఒక్కటే పోయినట్టు. పాలిష్ పట్టిస్తే చాలు. గోరు తట్టుకుందా, రంగు దాకా దిగినట్టు."

ఆవిడ భయం భయంగా గోరు పెట్టింది. తట్టుకుంది.

"దిగిందా?"

"కొన్ని దిగాయి. కొన్ని దిగలేదు. రేకు బయటపడిందంటే మాత్రం తుప్పు పడుతుంది."

"తుప్పా! తలుపు ఊడిపోతుందా? దారిలో? మనిషి కూర్చుని ఉండగా?"

"అంత లేదమ్మా," అని నవ్వాడు మేస్త్రి. "అది జరిగేలోపు కారుకే వయసైపోతుంది. మీ ముందు రెండు దారులున్నాయి. సన్న కుంచెతో గీతల్లో మాత్రమే రంగు నింపి, ఆరాక నున్నగా రుద్దొచ్చు. నాలుగడుగుల దూరంనుంచి ఎవరికీ కనబడదు. దగ్గరికొస్తే, అక్కడ గీతలుండేవని తెలిసిన కంటికి కనబడుతుంది. లేదంటారా, తలుపు మొత్తం గీకి కొత్త రంగు కొట్టాలి."

"మొత్తం కొట్టండి," అన్నాడు కొడుకు.

"కొడతాను బాబూ. కానీ ఇది చూడండి." మేస్త్రి వెనక్కి వెళ్లి పెట్రోలు పోసే చోటున్న చిన్న మూత తెరిచాడు. మూత లోపలి వైపు ముదురు నీలం, వాన కురిసి వెలిసిన సాయంత్రం ఆకాశంలా ఉంది. మూత పక్కనే ఉన్న రేకు వెలిసిపోయి, బూడిద కలిసిన నీలంగా ఉంది. "ఎండ తగలని చోటు కదా, అందుకే ఇక్కడ మిగిలింది. మీ కారు అసలు రంగు ఇదీ."

తల్లి ఆ మూత వైపే చూస్తూ ఉండిపోయింది. ఎనిమిదేళ్లు రోజూ కళ్ల ముందే ఉన్న కారు. రంగు ఎప్పుడు మారిందో తెలియనే తెలియదు. వెలిసిన రంగే దాని రంగు అనుకుంది.

"నేనిప్పుడు అసలు రంగు వేస్తే తలుపులు కొత్తగా, మిగతాదంతా పాతగా ఉంటుంది. వెలిసిన షేడు కలిపి వెయ్యాలి. వేసి పక్క రేకుల్లోకి కలుపుకుంటూ పోవాలి. ఒక్క తలుపుకైతే కలిసిపోయేలా చెయ్యగలను. నాలుగింటికీ ఎందుకసలు?"

ఆ మాటంటూనే అతను అరచెయ్యి కారు ఒంటిమీద రాసుకుంటూ నడిచాడు. వెనక తలుపు దగ్గర చెయ్యి ఆగింది.

"ఓహో. ఇక్కడా ఉన్నాయే!"

అటు తిరిగాడు. "ఇక్కడా." అటువైపు ముందు తలుపు దగ్గర, "ఇక్కడ కూడా." వెనక్కి వచ్చి వంగాడు. "డిక్కీకి కూడా ఉన్నాయమ్మా. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. అన్నీ హేండిల్ కిందే."

"మేస్త్రీ, అవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు కొడుకు. గొంతు పెరిగింది. "వేస్తారా, వేరే చోటికి వెళ్లమంటారా?"

"ఉండు నాయనా. రోగమేంటో తెలియకుండా మందెలా వేస్తాను?" మేస్త్రి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "కోపంతో గీసిన గీతలు నేను వారానికి రెండు చూస్తాను. ఒక్కటే గీత, ఈ చివర్నుంచి ఆ చివరి దాకా పోతుంది. ఇవి అలా లేవు. నెలవంకల్లా చిన్నచిన్నవి. ఒకదాని మీద ఒకటి, వందలు. అడుగున ఉన్నవి చూశారా? మట్టీ మైనమూ పట్టేసి నల్లబడిపోయాయి. ఇవి ఆరేడేళ్ల నాటివి. పైన తెల్లగా ఉన్నవి ఈ మధ్యవి."

ఆరేడేళ్లు.

కోడలు ఇంటికొచ్చి రెండేళ్లు.

తల్లి గొడుగుని కర్రలా నేలకి ఆన్చింది.

"ఇది పగతో చేసిన పని కాదమ్మా. రోజూ తలుపు పడిందో లేదో హేండిల్ లాగి చూసుకునే మనిషెవరో మీ ఇంట్లో ఉన్నారు. మనిషి పొట్టి. చిటికెన వేలికి తాళాల గుత్తి వేలాడుతూ ఉండాలి. లాగిన ప్రతిసారీ అది ఊగి ఇలా..."

అంటూ అతను తలెత్తాడు. ఆవిడ చేతి మీద చూపు పడింది. మాట మింగేశాడు. మగ్గులోంచి గరుకు కాగితం తీసి, ఏ పనీ లేకుండానే పిండి, మళ్లీ నీళ్లలో వేశాడు.

ఎండలో ఏడు తాళంచెవులూ మెరిశాయి.

కారు లోపల దొంగెవడైనా దాక్కుంటాడేమోనని ఆవిడ భయం. తలుపు సరిగ్గా పడక దారిలో తెరుచుకుంటుందేమోనని భయం. ఎప్పుడో ఎవరో చెప్పిన ఏదో కథ విని మొదలుపెట్టింది, దిగినప్పుడొకసారి, ఎక్కేముందొకసారి. ఎవరికీ ఏమీ జరగకూడదనే. ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉండాలనే.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. శనివారం పొద్దున కోడలు పనికి వెళ్తూ ఉంగరం సబ్బుపెట్టె పక్కన వదిలేసింది. చేతులకి తొడుగులు వేసుకునే పని కదా, ఎప్పుడూ పెట్టుకుని వెళ్లదు. అది జారి నీళ్ల గొట్టంలో పడిపోతుందేమోనని తనే తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఈ గుత్తిలో ఉన్న తాళంచెవితోనే. ఆదివారం ఏ ఉంగరాన్ని పట్టుకుని అన్నేసి మాటలందో, ఆ ఉంగరం ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

"మేస్త్రీ, మొత్తం కొట్టెయ్యండి," అన్నాడు కొడుకు మెల్లగా. "కొత్తగా అయిపోతుందమ్మా. ఒక్కటి కూడా మిగలదు. ఇంకేం ఆలోచించకు."

నా పరువు కాపాడాలని చూస్తున్నాడు పిచ్చినాయన, అనుకుంది తల్లి. ఒక్క క్షణం ఆ మాట ఎంతో తీపిగా అనిపించింది. రంగు పడిపోతే ఇక సాక్ష్యం ఉండదు. మేస్త్రి తప్ప ఎవరికీ తెలియదు. కోడలు ఎలాగోలా తిరిగొస్తుంది, కొత్త తలుపులు చూస్తుంది. తను అన్న మాట మాత్రం అలాగే ఉంటుంది. రంగు కింద నల్లగా, గోరు పెడితే తట్టుకుంటూ.

"వద్దు," అంది.

"అమ్మా?"

"ఇప్పుడే వెయ్యొద్దు మేస్త్రీ. అద్దడం వద్దు, కొట్టడం వద్దు. ముందు ఆ పిల్ల చూడాలి. చూశాక ఏం చెయ్యమంటే అది చేద్దాం." కొడుకు వైపు తిరిగింది. "పద. వాళ్లక్క ఇంటికి."

"ఇప్పుడా? ఇలాగా?" కొడుకు కారు తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అమ్మా, రేపు వెళ్దాం. రంగేసుకుని వెళ్దాం. ఈ గీతలు చూపించి ఏం సాధిస్తావు?"

"తప్పు నాదని చెప్తాను. అంతకంటే ఏముంది?"

కొడుకు మేస్త్రి వైపు చూశాడు, ఎవరైనా అడ్డు చెప్తారేమో అన్నట్టు. మేస్త్రి పెట్రోలు మూత మూసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆవిడ చెప్పిందే సబబు బాబూ. రంగు ఎక్కడికీ పోదు," అన్నాడు.

*

వాసన పోవాలని కొడుకు తన వైపు అద్దం కిందికి దించి, మోచెయ్యి బయటపెట్టి నడుపుతున్నాడు. ఆ చెయ్యి ఎదురొచ్చే లారీకి తగులుతుందేమోనని మామూలు రోజైతే ఆవిడ పదిసార్లు అనేది. ఇవాళ అనలేదు.

"ఒరేయ్, నేను నిజంగా రోజూ లాగుతానా?"

"లాగుతావమ్మా."

"రోజూనా?"

"కారు కొన్నప్పట్నుంచీ."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేరా! అమ్మా, గుత్తి సంచీలో పెట్టుకుని లాగు అంటే నేను వినేదాన్ని కాదా?"

కొడుకు అద్దంలో వెనక వచ్చే బండిని చూసుకున్నాడు. గేరు మార్చాడు. అవసరం లేని చోట హారన్ కొట్టాడు.

"చెప్తే నువ్వు తిండి మానేసి కూర్చుంటావు," అన్నాడు చివరికి. "నీ సంగతి నాకు తెలియదా?"

నిజమే. మానేస్తుంది. ఆవిడ కోడలి ముందు ఏమని మొదలుపెట్టాలా అని లోపల్లోపల మాటలు పేర్చుకుంటోంది. 'తల్లీ' అని మొదలుపెడితే నటన అనుకుంటుందేమో. 'తప్పైపోయింది' అంటే, ఏది అని అడుగుతుందేమో. గీతల సంగతైతే చూపించొచ్చు. అన్న మాటని ఎలా చూపించడం? తలుపే తియ్యదేమో. ఒంట్లో బాలేక పడుకుందేమో. మూడు రోజులుగా ఫోను ఎత్తకపోవడానికి అదే కారణమేమో...

కోడలి అక్క ఉండేది రోడ్డు మీదే, మందుల దుకాణం పైన మేడ మీది వాటాలో. పక్కనుంచి సిమెంటు మెట్లు. కొడుకు కారు మెట్లకి ఎదురుగా ఆపాడు.

"నువ్వు వెళ్లు. నేను ఇక్కడుంటాను."

"రావా?"

"ముందు నువ్వు మాట్లాడు."

ఆవిడ దిగింది. తలుపు వేసింది. బుర్ర నిండా ఏం మాట్లాడాలో అన్న ఆలోచనే. చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయింది. హేండిల్ లాగింది. ఒక అడుగు వేసి వెనక తలుపు లాగింది.

కర్ర్.

ఆవిడ ఆగిపోయింది.

ఎనిమిదేళ్లలో ఆ చప్పుడు ఒక్కసారి కూడా చెవిన పడలేదు. ఇప్పుడు పడింది. చాలా చిన్న చప్పుడు. పలక మీద గోరు లాగినట్టు. చిటికెన వేలికి గుత్తి ఇంకా ఊగుతోంది.

"డిక్కీ మర్చిపోయారు అత్తయ్యా."

తలెత్తి చూసింది. మెట్ల మధ్యలో కోడలు నిలబడి ఉంది. మందుల దుకాణానికి దిగుతోందో ఏమో, చేతిలో చిన్న చీటీ ఉంది. జుట్టు వదులుగా ముడేసుకుంది. మొహం పీక్కుపోయింది. గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. ఇంట్లో 'పాలు పొంగుతున్నాయి అత్తయ్యా' అన్నట్టే అంది.

"మీరు డిక్కీ కూడా చూస్తారుగా," అంది మళ్లీ.

పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. తల్లి గుత్తిని పిడికిట్లో దాచుకుంది.

"నీకు... తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లైన కొత్తలోనే."

"మరి ఆదివారం నాడు చెప్పలేదేమమ్మా! మీ తాళాలే గీశాయి, మీ చెయ్యే చేసింది అని నా మొహం మీద అనొచ్చుగా! అంత మాట అంటుంటే..." ఆవిడ మెట్ల దగ్గరికి ఒక అడుగు వేసింది. "అంత మాట ఎందుకు పడ్డావు తల్లీ? నేను సీసా గురించే అన్నాను. ఒట్టు. నోరు జారింది. ఆ సంగతి నాకు... నేను ఆ ఉద్దేశంతో..."

కోడలు రెండు మెట్లు దిగింది. ఉంగరం లేని వేలిని బొటనవేలితో రుద్దుకుంది. కింద దుకాణంలో ఎవరో దగ్గుమందు అడుగుతున్నారు.

"మీరు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు అత్తయ్యా. మీ భయం మీ నోట్లోంచి అలాగే వస్తుంది. రెండేళ్లుగా వింటున్నాను. ఆసుపత్రిలో నా మంచం పక్కన మూడు రోజులు కళ్లార్పకుండా కూర్చున్నది మీరేగా."

"మరైతే ఇంటికొచ్చెయ్యమ్మా. కింద వాటా ఆవిడ ముందే చెప్తాను, తప్పు నాదని. కారుకి రంగు కూడా వేయించలేదు. నువ్వు చూశాకే..."

"రంగా?" కోడలు తలెత్తింది. "రంగేంటి?"

"వాడు నాలుగు తలుపులకీ కొత్త రంగు కొట్టించేద్దామన్నాడు. పొద్దున్నుంచీ ఒకటే పట్టు. నేనే ఆపించాను."

కోడలు చేతిలో చీటీని మడిచింది. మడిచినదాన్ని మళ్లీ మడిచింది.

"నాకు ఆ గీతలు చూపించింది ఎవరనుకుంటున్నారు?" అంది.

"ఎవరు?" అంది తల్లి.

"పెళ్లైన నెలలోపే. ఒకరోజు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కారు చుట్టూ తిప్పారు. నాలుగు తలుపులూ, డిక్కీ, అన్నీ చూపించారు. 'ఇవి మా అమ్మ సంతకాలు. ఇంత భయం పెట్టుకుని పెంచింది నన్ను. ఈ కారు తుక్కుకి పోయేదాకా వీటిమీద రంగు పడనివ్వను' అన్నారు. కళ్లు చెమర్చాయి కూడా. ఇలాంటి మనిషి దొరికాడు నాకు అనుకున్నాను, ఆ రోజున."

"వాడికి తెలుసా?" అంది తల్లి. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అనిపించింది. "ఆదివారం నాడు... కుళాయి దగ్గర నిలబడి... వాడికి తెలుసా?"

"మాట అన్నది మీరు అత్తయ్యా. దానికి నేను ఇల్లు వదిలి రాలేదు."

కోడలి చూపు ఆవిడ భుజం మీదుగా కారు వైపు వెళ్లింది. తల్లి కూడా మెల్లగా వెనక్కి తిరిగింది.

దారిలో దించిన అద్దం ఇంకా దించే ఉంది. మాటలన్నీ వినబడేంత దగ్గర్లోనే ఉంది కారు. కిటికీ మీద కొడుకు మోచెయ్యి కదలకుండా ఉంది.

"ఒరేయ్," అంది తల్లి.

మోచెయ్యి లోపలికి వెళ్లింది. అద్దం మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది.